జేమ్స్ మాస్టారు నేర్పిన నడక

"కుంటడం కాదురా. ఎడమకాలు ఈడ్చాలి. ఏదీ, మళ్లీ నడు!"

ఆమదాలవలసలో జేమ్స్ మాస్టారి ఇంటి హాల్లో విక్టర్ అటూ ఇటూ నడుస్తున్నాడు. చొక్కా చెమటకి తడిసి ఒంటికంటుకుంది.

విక్టర్ ధాన్యం గోదాంలో బస్తాలు మోస్తాడు. మాస్టారు చర్చిలో ఏళ్ల తరబడి క్రిస్మస్ నాటకాలు వేయించారు. ఇప్పుడు ఒక టీవీ చానల్ వాళ్ల క్రైమ్ సీరియల్‌కి నటుల్ని తయారు చేస్తున్నారు. నిజంగా జరిగిన నేరాలే అందులో కథలు.

ఈసారి కథ ఈ ఊరిదే. బట్టల కొట్టు పద్మకుమారిని ఎవరో కొట్లోనే గొంతు నులిమి చంపేశారు. హంతకుడు ఇంకా దొరకలేదు. కూరలమ్మే జగ్గమ్మ ఒక్కతే, చీకట్లో వాడు కాలీడ్చుకుంటూ పారిపోవడం వెనకనుంచి చూసింది.

ఆ హంతకుడి వేషం విక్టర్‌ది.

"నీ ఎత్తు, నీ భుజాలు చాలురా. మిగతాది నేను నేర్పుతాను," అన్నారు మాస్టారు. ఊళ్లో ఇంతమంది ఉండగా తనను పిలిచినందుకు విక్టర్‌కి కళ్లనీళ్లు తిరిగాయి.

"హత్య జరిగిన రాత్రి నువ్వెక్కడున్నావు?" అని మొదటిరోజే అడిగారాయన.

"ఇంట్లోనే మాస్టారూ. అమ్మ ప్రార్థన కూటాలకెల్లింది. ఒక్కడినే తొంగున్నాను."

"ఎవరూ రాలేదా?"

"నాకోసం ఎవులొస్తారు?"

మాస్టారు తల పంకించారు. "ఆ ఒంటరితనమే పట్టుకో. పాత్రకి పనికొస్తాది."

షూటింగ్ అయ్యేదాకా మామూలుగా నడవొద్దన్నారు. బజార్లో, గోదాంలో, ఇంట్లో కూడా. నేర్చుకుంటున్నట్టు ఎవరికీ చెప్పొద్దన్నారు. చెబితే నటన తేలిపోతుందట. తల్లి లీలారాణికి కూడా కాలు బెణికిందనే చెప్పాడు విక్టర్. పాపం, ఆవిడ రోజూ కాపడం పెట్టింది.

తుంటినొప్పి ఓర్చుకోలేక ఒకరోజు మాస్టారి ముందు కూలబడ్డాడు. "ఇంక నా వల్ల కాదు మాస్టారూ."

మాస్టారు వాడి కాలు ఒళ్లోకి తీసుకుని నూనె రాశారు.

"నీకు తండ్రి లేడు. నన్నే తండ్రనుకో. నీ బతుకు మారిపోతాది సూడు."

విక్టర్ లేచి నడిచాడు.

ఎపిసోడ్ వచ్చిన మర్నాడే జగ్గమ్మ పోలీస్ స్టేషన్ మెట్లెక్కింది. "ఆడే బాబూ! ఆ నడక ఆడిదే!"

విక్టర్‌ని పట్టుకొచ్చారు. మొదట వాడికి నవ్వొచ్చింది. "అది నటన సార్. మాస్టారు నేర్పినారు. కావాలంటే అడగండి."

బజారువాళ్లని అడిగారు. హత్య జరిగాకే ఇలా నడుస్తున్నాడన్నారు. లీలారాణిని అడిగారు. "కాలు బెణికిందన్నాడు బాబూ," అని ఆవిడ ఏడ్చింది. చివరికి మాస్టారిని పిలిపించారు.

ఆయన విక్టర్ వైపు చూడలేదు.

"నేను నేర్పలేదండి. ఆ నడక చూసే వేషం ఇచ్చాను."

"మాస్టారూ! ఏటంతన్నారు మాస్టారూ!"

లాకప్పులోంచి ఆ కేక వీధిదాకా వినిపించింది. మాస్టారు వెనక్కి తిరక్కుండా నడిచి ఇల్లు చేరారు. వీధి తలుపు గడియ పెట్టారు.

పెరటిగది తాళం తీసి, పద్మకుమారి చనిపోయిన రాత్రి కాలు విరగ్గొట్టుకుని ఇంటికొచ్చిన కొడుకుని, "ఇంక బయటికి రా నాన్నా," అని పిలిచారు.