ఎండ ఉండగానే

మొదటి దెబ్బ రామ్‌దాసే కొట్టాడు.

సోలార్ పలకలు అమ్మిన విజయ్‌కుమార్ కళ్లద్దాలు వాకిట్లో పడ్డాయి. ఎవరూ తీసివ్వలేదు. మరమ్మతు ఉందని చెప్పి అతణ్ణి నిజామాబాద్ నుంచి బోధన్ పక్కనున్న ఈ ఊరికి రప్పించారు. రామ్‌దాస్ భార్య రాధాబాయి పోయి అది మూడో రోజు.

ఆమె ఊపిరితిత్తులు చెడిపోయి ఏళ్లయింది. ఇంట్లో ఆక్సిజన్ మిషన్ ఆడితేనే ఆమెకు ఊపిరి ఆడేది. కరెంటు పోయినప్పుడల్లా రామ్‌దాస్ పరుగెత్తి సిలిండర్ తిప్పేవాడు. నిద్రలోనూ అతని చెవి మిషన్ మీదే. చప్పుడు ఆగితే లేచి కూర్చునేవాడు. చుట్టాల పెళ్లికి పోయి ఒక పూట ఉన్నది లేదు. అతని అత్త నాగవ్వ ఎవరు కలిసినా చెప్పుకునేది, అల్లుడు తన బిడ్డను పువ్వు లెక్క చూసుకుంటున్నాడని.

అట్లాంటి మనిషి ఇంటి మీద సోలార్ పెట్టిస్తే ఊరు సంబరపడింది.

“సూర్యున్నే జీతగాన్ని పెట్టుకున్నవు గదనే అన్నా,” అన్నాడు పక్కింటి నాగేందర్.

రామ్‌దాస్ నవ్వాడు. ఇక పనిలేదని సిలిండర్ వాపసు ఇచ్చేశాడు.

పలకలు బిగించిన వారానికే, లైను పని ఉంది, పొద్దంతా కరెంటు ఉండదని మైకులో చెప్పారు. వదినె సంగతేమిటని నాగేందర్ వచ్చి అడిగాడు.

“ఎండ గింత కొడుతున్నది. మనకేం ఫికర్?” అని రామ్‌దాస్ పసుపు ఉడకబెట్టే చోటికి పోయాడు.

కరెంటు పోయింది. మిషన్ ఆగింది. నాగవ్వ అల్లుడికి ఫోన్ చేసింది. రింగు పోతూనే ఉంది. బాయిలర్ చప్పుడులో వినపడలేదని తర్వాత చెప్పాడు. నాగవ్వ తన బిడ్డ పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతూనే ఉంది. నడినెత్తిన ఎండ. ఇంటి మీద పలకలు తళతళ మెరుస్తున్నాయి.

బ్యాటరీ లేని సోలార్, కరెంటు పోతే తానూ ఆగిపోతుందని ఆ సాయంత్రం లైన్‌మన్ చెబితే ఊరికి తెలిసింది. స్తంభం మీద పనిచేసేవాడి ప్రాణానికి ముప్పు రాకుండా అట్లా చేస్తారట.

“గా ముక్క ముందే జెప్పనీకి నీకు నోరు లేకుండెనా?” నాగేందర్ విజయ్‌కుమార్ కాలర్ పట్టుకున్నాడు.

విజయ్‌కుమార్ నోరు తెరిచి రామ్‌దాస్ వైపు చూశాడు. రామ్‌దాస్ కళ్ల నిండా నీళ్లు. అవి దొంగ కన్నీళ్లు కావు. నాగవ్వ అల్లుడి తలను కడుపుకు ఆనించుకుని నిమురుతోంది. ఆ వాకిట్లో, అమ్ముకునేవాడి మాట ఎవరు వింటారు? విజయ్‌కుమార్ వంగి కళ్లద్దాలు ఏరుకుని బయటపడ్డాడు.

బస్సులో, వాచిన చెంపను కిటికీ కడ్డీకి ఆనించుకున్నాక అతనికి అంతా గుర్తొచ్చింది: బ్యాటరీ లేకపోతే కరెంటుతో పాటే ఇదీ ఆగిపోతుందని తను హెచ్చరిస్తే, రామ్‌దాస్ తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి, “పక్కా బంద్ అయితదా?” అని మళ్లీ అడిగి రూఢి చేసుకున్నాకే బ్యాటరీ వద్దన్నాడు.