ఏసీ మీట మీద టేపు

“వాసన మొత్తం పోవాలి యెసిద్. ఆనవాలు కూడా మిగలకూడదు,” అంది ఒనెయిదా, కారు తాళం అతని చేతిలో పెడుతూ. “మా ముసలాయన మధ్యాహ్నం కునుకు తీసి లేచేలోపు కారు ఇంటి ముందుండాలి. బజారుకని చెప్పి తెచ్చాను.”

బరంకియా ఊళ్ళో కార్ల ఏసీలు బాగుచేసేవాళ్ళలో యెసిద్ కాస్త నోటిదురుసు మనిషి. ఇంజను ఆన్ చేసి ఏసీ వేయబోయాడు. మీట మీద నల్లటేపు అడ్డంగా అంటించి ఉంది.

“ఇదేంటమ్మా, ఏసీకి సంకెళ్ళు వేశారు?”

“ఆయనే వేశాడు. ఆ వాసన పడక ఏడాదిగా ఏసీ లేకుండానే తిరుగుతున్నాడు.”

“ఈ ఎండల్లోనా? చెప్పుల దుకాణాలన్నిటికీ సరుకు వేసేది ఈ కార్లోనే కదా. పైగా అద్దాలు కూడా ఎక్కించుకుని పోతుంటాడు, నేను చూశాను. వాసన పడనివాడు కనీసం అద్దాలు దించుకోవాలి గదా.”

“సిగ్నళ్ళ దగ్గర ఫోన్లు లాక్కుపోతున్నారంటాడు. చెబితే వినే మనిషైతే నాకీ తిప్పలెందుకు? పోయిన వారం స్టీరింగు ముందే కళ్ళు తిరిగి పడిపోయాడు. ఇంకోసారి ఇలా ఉడికిపోతే గుండె తట్టుకోదని డాక్టరు తెగేసి చెప్పాడు. కొడుకుని పోగొట్టుకున్నాను. ఈయన్ని కూడా పోగొట్టుకోలేను.”

యెసిద్ ఇంక వేళాకోళం ఆడలేదు. టేపు జాగ్రత్తగా ఒలిచి మీట తిప్పాడు. గాలి వచ్చే వెంట్లలోంచి ముందు మురిగిన తడిగుడ్డ కంపు కొట్టింది. దాని వెనకే తియ్యగా, ఘాటుగా ఏదో సెంటు వాసన.

“దెయివిస్ సెంటు,” అంది ఒనెయిదా, మొహం పక్కకు తిప్పుకుని.

ఆమె ఒక్కగానొక్క కొడుకు దెయివిస్‌కి అదో పిచ్చి. శనివారం సాయంత్రం డాన్సుకు వెళ్ళేముందు, ఒంటికి పూసుకోగా మిగిలిన సెంటును ఏసీ వెంట్లలో చుక్కలు చుక్కలుగా పోసేవాడు. ఏసీ వేస్తే చాలు, కారంతా గుప్పుమనేది. తండ్రి అర్నుల్ఫోకి ఒళ్ళు మండేది. “నా కారును మంగలిషాపు చేశావు కదరా” అని తిట్టని రోజు లేదు. దెయివిస్ నవ్వి, ఆయన చూస్తుండగానే ఇంకో రెండు చుక్కలు పోసేవాడు. కిందటి అక్టోబరు వానలో వీధులు ఏరులై పారుతుంటే, ఎవరిదో కారు కొట్టుకుపోతోందని పట్టి ఆపడానికి నీళ్ళలోకి దిగాడు. కారు ఆగింది. వాడు ఆగలేదు.

“వాణ్ణి పూడ్చిపెట్టిన మర్నాడు కారెక్కాం,” అంది ఒనెయిదా. “ఉక్కగా ఉందని నేనే ఏసీ వేశాను. ఆ వాసన కొట్టగానే ఆయన ఒక్క ఉదుటున కట్టేసి బావురుమన్నాడు. సాయంత్రానికల్లా టేపు వేశాడు. వాడు బతికున్నప్పుడే పడని వాసన, ఇప్పుడెలా భరిస్తాడు?”

యెసిద్ డ్యాష్‌బోర్డు డబ్బా ఊడదీసి, వెనకున్న ఫిల్టరు బయటికి లాగాడు. బూడిదరంగు మడతల మీద అక్కడక్కడా పసుపుపచ్చ మరకలు. “వాడకుండా మూసిపెడితే బూజు పట్టక ఏమవుతుంది?” అని గొణుక్కుంటూ, లోపలికి సన్నగొట్టం దూర్చి మందు నురగ కొట్టాడు. కాసేపటికి కారు కిందనుంచి నల్లటి నీళ్ళు కారాయి. వెంట్ల రెక్కలు ఒక్కొక్కటే బ్రష్షుతో తోమి, కొత్త ఫిల్టరు వేశాడు. మిగిలిన వాసన పీల్చుకోవాలని సీట్ల కింద గిన్నెల్లో కాఫీపొడి పెట్టి, ఫ్యాను జోరుగా తిరుగుతుండగా తలుపులు మూశాడు.

“పాత ఫిల్టరు ఏం చెయ్యమంటారు?”

ఒనెయిదా దాన్ని తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. కొడుకు మెడ దగ్గర మొహం దాచుకున్నట్టే ఉంది. ఆ ఫిల్టరు దాచుకుందామని ప్రాణం కొట్టుకుంది. కానీ ఇంట్లో ఉంటే ఏదో ఒకరోజు ఆయన కంటబడుతుంది.

“కాల్చెయ్,” అంది.

నూనెగుడ్డలు మండుతున్న డ్రమ్ములో పడేశాడు యెసిద్. ఆమె చివరిదాకా చూసి, కాఫీపొడి గిన్నెలు తీయించి, మీట మీద టేపు మళ్ళీ ఉన్నది ఉన్నట్టు అంటింపజేసుకుని ఇంటికి వెళ్ళింది.

అర్నుల్ఫో నిద్రలేచి, చెమట తుడుచుకోవడానికి మెడలో తువ్వాలు వేసుకుని, చెప్పుల పెట్టెలు వెనకసీట్లో సర్దుకున్నాడు. ముందు తలుపు తీసేసరికి పక్కసీట్లో ఒనెయిదా కూర్చుని ఉంది.

“నువ్వెక్కడికి?”

“నీతోనే. ఆ తువ్వాలు తీసెయ్, ఇక దాంతో పనిలేదు.”

అతను ఇంజను ఆన్ చేయగానే, ఆపే వ్యవధి ఇవ్వకుండా టేపు పీకి మీట తిప్పింది. చల్లటి గాలి వచ్చింది. శుభ్రమైన గాలి, అందులో ఏమీ లేదు.

మీట కట్టేయబోయిన అర్నుల్ఫో చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. వంగి మధ్య వెంటు దగ్గర మొహం పెట్టాడు. తర్వాత తన పక్కదాని దగ్గర. ఆమె మీదుగా వంగి, ఆ చివరదాని దగ్గర.

“యెసిద్‌తో కడిగించాను,” అంది ఒనెయిదా. “భయపడకు, ఆ వాసన ఇక రాదు.”

అతను తువ్వాలు మొహానికి అద్దుకున్నాడు. ఎంతసేపటికీ తియ్యలేదు.

“చెప్పకుండా చేశాను, తిడితే తిట్టు. కానీ ఏడాదిపాటు ఉడికిపోయావు అర్నుల్ఫో. ఆ వాసన నీకు గిట్టదని నాకు తెలియదా?”

“వాడి వాసన ఎక్కడ అయిపోతుందోనని ఏసీ వెయ్యలేదే,” అన్నాడు.