యానాం ఫారినే కదండీ

“దీవెన ఏదర్రా?”

సత్యవాణి టీచర్ కేకకి పిల్లలంతా ఉలిక్కిపడ్డారు. ఫ్రెంచివాళ్ళ కాలం నాటి చర్చి ముందు అందర్నీ వరసగా నిలబెట్టి ఫొటో తియ్యబోతుంటే తెలిసింది, పిల్ల లేదని. నాలుగు అడుగుల దూరంలో గోదావరి.

“వీళ్ళని చూస్తుండండి మాస్టారూ” అని మిగతా పిల్లల్ని హరిబాబు మాస్టారికి అప్పగించి, కొంగు బిగించి పరుగెత్తింది.

ఏటిగట్టు మీద లేదు. రేవు మెట్ల దగ్గర లేదు. ఐస్‌క్రీం బండి దగ్గరా లేదు. పొద్దున ద్రాక్షారామంలో అంత జనంలో కూడా తన చెయ్యి వదలని పిల్ల, ఇక్కడ ఎటు పోయినట్టు?

చివరికి సందు మలుపులో ఒక గాజుల కొట్టు ముందు కనిపించింది. లోపల గాజులు సర్దుకుంటున్న ఆవిడని కన్నార్పకుండా చూస్తూ నిలబడి ఉంది.

“ఎవర్నడిగి వచ్చావే?” సత్యవాణి జబ్బ పట్టి గుంజి వీపు మీద ఒక్కటిచ్చింది. “ఏట్లో పడ్డావేమోనని నా ప్రాణం పోయింది!”

“మా అమ్మ కోసమండీ.”

“మీ అమ్మ ఫారిన్‌లో ఉందన్నావు కదే?”

“అవునండి. మా మామ్మ చెప్పింది. ఇది మన రాష్ట్రం కాదు, ఫ్రెంచివాళ్ళు ఏలిన ఊరు అని బస్సులో మీరే చెప్పారు కదండీ. అంటే యానాం ఫారినే కదండీ?”

రెండో దెబ్బకి లేచిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. సత్యవాణి వంగి పిల్ల జుట్టు సవరించింది. “అది మా తాతల నాటి మాటమ్మా. ఇప్పుడిదీ మన దేశమే. మీ అమ్మున్న ఊరికి విమానం ఎక్కి వెళ్ళాలి.”

కొట్టాయన చంటిపిల్లని భుజాన వేసుకుని మెట్లు దిగి వచ్చాడు.

“ఏంటండీ గొడవ? ఈ పాప ఇందాకట్నుంచీ మా ఆవిడనే చూస్తా నిలబడిపోయింది. ఏం కావాలమ్మా అంటే పలకదు.”

“తల్లి కోసం వెతుక్కుంటోందండీ. ఆవిడ ఫారిన్‌లో ఉంది. ఏమీ అనుకోకండి.”

“అయ్యో!” అని ఆయన లోపలికి తిరిగి నవ్వాడు. “విన్నావా? నీ కోసం కూతురొచ్చింది!”

“బేరాల వేళ వేళాకోళాలేంటండీ” అంది ఆవిడ, తలెత్తకుండానే.

“మా అమ్మ కాదండీ” అంది దీవెన గబగబా. “మా అమ్మ ఇంకా లావుగా ఉంటదండి. బుగ్గ మీద పుట్టుమచ్చ కూడా ఉంటది. గాజులు బాగున్నాయని చూస్తన్నానంతే.”

“అంత బాగున్నాయా? అయితే వేయించుకుని వెళ్ళు. డబ్బులేం వద్దులెండి టీచర్‌గారూ, చిన్నపిల్ల” అన్నాడు కొట్టాయన.

దీవెన చెయ్యి చాపింది. ఆవిడ ఆ చేతిని తన ఒళ్ళోకి తీసుకుని, వేళ్ళు దగ్గరికి నొక్కి, ఒక్కో గాజే ఎక్కించసాగింది. ఎంతసేపటికీ తెమలదే!

“కొంచెం తొందరగా కానివ్వండమ్మా, అవతల బస్సు ఆగి ఉంది” అంది సత్యవాణి.

ఆవిడ చప్పున చెయ్యి వదిలేసింది.

వెళ్తూ వెళ్తూ దీవెన కొట్టాయన భుజం మీది చంటిపిల్ల బుగ్గ ముట్టుకుంది. “పేరేంటండీ?”

“రూబీ.”

“రూబీ...” అని ఒకసారి అనుకుని, టీచర్ చెయ్యి పట్టుకుంది. ఇక వెనక్కి చూడలేదు.

బస్సు వంతెన ఎక్కింది. పిల్లలంతా పాటలు పాడుతున్నారు. దీవెన మాత్రం కిటికీకి నుదురు ఆనించి కూర్చుంది. సత్యవాణి పక్కన కూర్చుని దగ్గరికి లాక్కుంది.

“కొట్టానని కోపమా?”

కాదన్నట్టు తలూపింది.

“అమ్మ వస్తుందిలేమ్మా. అంత దూరం నుంచి రావాలంటే టైమ్ పడుతుంది. ఎవరో ఆవిడని చూసి అమ్మనుకున్నావు, అంతేగా?”

ఆ మాటతో అప్పటిదాకా బిగపట్టుకున్న ఏడుపు కట్ట తెగింది. దీవెన టీచర్ ఒళ్ళో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. పాటల హోరులో ఎవరికీ వినపడలేదు. చాలాసేపటికి తలెత్తి, ఆవిడ చెవి దగ్గరికి వచ్చి గుసగుసగా అంది:

“ఆవిడే మా అమ్మండీ. నేను అమ్మా అని పిలిస్తే ఆ అంకుల్ అమ్మని పంపించేస్తాడేమోనండీ... అప్పుడు రూబీకి కూడా అమ్మ ఉండదు కదండీ.”