మంచు మొక్కు

"ఐసు ముక్కలన్నీ ఎవరు కాజేశారు?" ఫ్రీజర్ తలుపు పట్టుకుని జనీన్ ఒక్క కేక పెట్టింది.

రెండు ట్రేలూ ఖాళీ. ఎంత చలికాలమైనా పొద్దున్నే ఐసు వేసిన కాఫీ పడందే ఆమెకు కాలూ చెయ్యీ ఆడవు. విసుక్కుంటూ పంచదార డబ్బా తీసింది. అందులో ఉండాల్సిన చెంచా కూడా లేదు. అప్పుడు వెలిగింది ఆమెకు.

"రెమీ! ఇలా రా ఒకసారి."

అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని ఆ ఊరి పిల్లలకు ఒక గట్టి నమ్మకం. రాత్రి కమోడ్‌లో ఐసు ముక్కలు వేసి, దిండు కింద చెంచా పెట్టుకుని, వేసుకునే బట్టలు తిరగేసి వేసుకుని పడుకుంటే, తెల్లారేసరికి మోకాలి లోతు మంచు పడుతుంది. బడి మూసేస్తారు. కానీ ఇవాళ మంచు పడితే మూతపడేది బడి ఒక్కటే కాదు, పోర్ట్‌లాండ్ రేవుకు వెళ్ళే రోడ్డు కూడా. ఏడేళ్ళు ఇంటిపట్టున ఉన్నాక జనీన్ మళ్ళీ ఓడెక్కుతోంది. సరుకుల ఓడలో రెండో ఇంజనీరు, నాలుగు నెలలు. సాయంత్రం అయిదింటికల్లా రేవులో లేకపోతే ఆ ఉద్యోగం ఇంకెవరో తన్నుకుపోతారు.

ఏడేళ్ళ రెమీ నోటినిండా అట్టు కుక్కుకుని వచ్చాడు.

"చెంచా నీ దిండు కిందే ఉంది కదూ? కోప్పడన్లే, చెప్పు నాన్నా. అమ్మ వెళ్ళకూడదని మంచు కోసం మొక్కుకున్నావు, అవునా?"

"నేనా? ఇవాళ మా క్లాసులో పిజ్జా పార్టీ అమ్మా! మంచు పడితే నా పిజ్జా ఏమైపోవాలి?" వాడు పైజమా అంచు లాగి చూపించాడు. "చూడు, కుట్లన్నీ లోపలికే ఉన్నాయి."

జనీన్ పైకి వెళ్ళి వాడి దిండెత్తి చూసింది. సగం కొరికిన బిస్కెట్టు తప్ప ఇంకేమీ లేదు. వారం రోజులుగా ఆమె ఓదార్పు మాటలు సిద్ధం చేసుకుని కూర్చుంది. తీరా చూస్తే ఏడ్చేవాళ్ళే లేరు! ప్రాణం చివుక్కుమంది.

రాత్రంతా కాగితం మిల్లులో డ్యూటీ చేసి ఇప్పుడే వచ్చిన మొగుడు మార్క్‌ను అనుమానించే వీల్లేదు. ఇక మిగిలింది కూతురు కొలెట్.

"నాకు పన్నెండేళ్ళమ్మా!" అంది కొలెట్ కళ్ళు తిప్పుతూ. "అలాంటి పిచ్చి పనులు నేను చేస్తానా? అన్నట్టు, నువ్వెళ్ళాక నీ నీలం స్వెట్టర్ వేసుకోనా?"

ఆ వయసు పిల్లలు మనసులో మాట పైకి అనరు. తల్లికి తెలియదా? జనీన్ కూతుర్ని దగ్గరకు లాక్కుని, రెమీ కోసం దాచుకున్న ఓదార్పంతా దానికి అప్పజెప్పేసింది. నాలుగు నెలలు ఇట్టే గడిచిపోతాయంది, వారం వారం ఫోన్ చేస్తానంది.

"అమ్మా, ఊపిరాడట్లేదు," అంది కొలెట్.

అయినా జనీన్‌కు హాయిగా ఉంది. పిల్లలంటే ఇలా వాటేసుకుని పెంచాలి. తను అలా పెరగలేదు. పదేళ్ళప్పుడు లెక్కల పరీక్షకు భయపడి తనూ దిండు కింద చెంచా పెట్టుకుంది. వాళ్ళమ్మ ఒడెట్ ఆ చెంచా తీసి, కడిగి, సొరుగులో పడేసి, "లేచి బూట్లు తొడుక్కో" అంది. అంతే. ఓడల కాలేజీకి వెళ్ళిననాడు కూడా గుమ్మంలోంచి ఒకసారి చెయ్యూపి, గిన్నెలు తోముకోవడానికి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ఒడెట్టే ఇప్పుడు మనవల్ని చూసుకోవడానికి వచ్చి వారమైంది. పొద్దున్నే నైటీ మీద పాత ఉన్ని కోటు వేసుకుని, గుండీలన్నీ పెట్టుకుని, పొయ్యి దగ్గర అట్లు తిరగేస్తోంది.

"నా చెంచా చూశావా అమ్మా?"

"పిల్లలున్న ఇంట్లో ఏ వస్తువు దాని చోట ఉంటుందే?" ఒడెట్ కిటికీలోంచి ఆకాశం వైపు చూసింది. ఎండ ఫెళ్ళున కాస్తోంది. "ఈ రేడియోవాళ్ళకు నోరు తెరిస్తే అబద్ధాలే. అడుగు మంచు పడుతుందన్నారు నిన్న."

"పడకపోవడమే మంచిదయింది."

"ఆఁ, మంచిదే."

జనీన్ ఉండబట్టలేక అడిగేసింది. "అమ్మా, నాలుగు నెలలు సముద్రం మీద ఉంటాను. నీకేమీ అనిపించట్లేదా?"

"ఏమనిపించాలి? ఉద్యోగమన్నాక వెళ్ళాలి. మేజోళ్ళు ఎన్ని పెట్టుకున్నావు?"

"ఎనిమిది జతలు."

"పది పెట్టుకో."

వెళ్ళొద్దనమని కాదు. అన్నా జనీన్ ఆగదు. కానీ పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఈవిడ తనకోసం బెంగపడితే చూడాలని ఉంది. రాయితో మాట్లాడి ఏం లాభం? కళ్ళు తుడుచుకుని ఇంకో రెండు జతల మేజోళ్ళు బ్యాగులో కుక్కింది.

బయట మార్క్ కారు అద్దాల మీద గడ్డకట్టిన తేమ గీకేసి హారన్ కొట్టాడు. రెమీ ముద్దు పెట్టి పరుగెత్తాడు. కొలెట్ అప్పుడే నీలం స్వెట్టర్ తొడుక్కుని వచ్చి చెయ్యూపింది. జనీన్ బ్యాగు భుజాన వేసుకుని గుమ్మం దాకా వచ్చింది.

"వస్తానమ్మా."

ఒడెట్ కూతురి చలి జాకెట్టు కొస వేళ్ళతో నలిపి చూసింది. "ఇంత పల్చటిది వేసుకుని ఓడెక్కుతావా? ఎన్నేళ్ళొచ్చినా నీకు చలి సంగతి తెలీదు." గబగబా తన ఉన్ని కోటు గుండీలు ఊడదీసింది. కోటు విప్పి కూతురి భుజాల మీద కప్పింది. "తీసుకుపో. నాకు ఇంట్లో హీటరుంది."

కోటు ఇంకా వెచ్చగా ఉంది. వద్దని చెప్పబోయి జనీన్ తలెత్తి చూసింది.

అమ్మ నైటీ తిరగేసి ఉంది.