మబ్బు బండి

"నా బిందె పక్కకెందుకు నెట్టావ్?" అంది దర్జీ అక్క.

ట్యాంకరు డ్రైవరు గొట్టాన్ని పక్కింటి బిందెలోకి తిప్పాడు.

"మీ పాపకి కామెర్లన్నారుగా. ఈ నీళ్లు వద్దక్కా."

"మరి ఆకాశంలోంచి పట్టుకోనా, మబ్బూ?"

వీధంతా గొల్లున నవ్వింది. ఎప్పుడొస్తాడో, వచ్చినా ఎవరి గుమ్మంలో కురుస్తాడో తెలియదు గనుక అతనికి ఆ పేరు స్థిరపడిపోయింది. ఊరి కింద పైపులు తుప్పుపట్టి ఏళ్లయింది. ట్యాంకరే దిక్కు.

"కాచి తాగిస్తాలే, పొయ్యి."

"కాచినా వద్దు." గొంతు తగ్గించాడు. "ఆసుపత్రి బోరు నీళ్లు పట్టండి."

"ఓహో, వైద్యం కూడా మొదలెట్టావా! చట్టమొస్తోందట, విన్నావా? చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కొత్త పైపులేస్తారట. చెరువులో చెత్త కలిపితే జైలేనట. ఇక నీ బండి మూలపడాల్సిందే."

"రానివ్వండక్కా," అని నవ్వాడు.

"నీ పొట్ట కొట్టే చట్టాన్ని నువ్వు రానిస్తావా? నీ యజమాని రానిస్తాడా?"

అతను గొట్టం చుట్టి బండెక్కాడు.

రోషంకొద్దీ ఆమె ఆసుపత్రి నుంచే నీళ్లు మోసింది. మోసినంతసేపూ అతనికి శాపనార్థాలు పెట్టింది. పాప మెల్లగా తేరుకుంది.

కొన్నాళ్లకు మబ్బు రావడం మానేశాడు. బండి మీద వేరే మనిషి వచ్చాడు.

"చట్టం పేరు వినే పరారయ్యాడు," అని ఆమే అందరికీ చెప్పి నవ్వించింది.

ఏళ్లుగా మూలుగుతున్న ఆ బిల్లు ఎందుకో ఒక్కసారిగా కదిలి చట్టసభలో గట్టెక్కింది. వీధి పొడుగునా కందకాలు తవ్వారు, పైపులు దింపారు, పూడ్చారు. గుమ్మంలో కుళాయి తిప్పితే చాలు, నీళ్లు. మొదటిరోజు పాప దోసిట పట్టి తాగుతుంటే దర్జీ అక్క మిషను ఆపి చూస్తూ కూర్చుంది.

ఒకరోజు ఎవరో ఒకామె ఖాకీ చొక్కాలు తెచ్చింది.

"వీటిని విప్పి మా అమ్మాయికి బడి సంచి కుట్టిపెడతారా అక్కా?"

"గుడ్డ గట్టిగానే ఉందే. మీ ఆయన వేసుకోడా?"

"ఆయన లేడక్కా. పైపుల కందకంలో మట్టి విరిగి మీద పడింది."

దర్జీ అక్క కత్తెర కింద పెట్టింది. "అయ్యో తల్లీ! మట్టిపనా ఆయనది?"

"కాదు. ట్యాంకరు తోలేవాడు. పనిలోంచి గెంటేశారు. ఆ తర్వాత ఇంకెవరూ బండి ఇవ్వలేదు. కూలికి పోయాడు."

"ట్యాంకరంటే... మా వీధికి వచ్చే..."

"ఆ, ఆయనే. మబ్బు అనేవారటగా మీరు. ఇంటికొచ్చి చెప్పి తెగ నవ్వేవాడు."

దర్జీ అక్క చొక్కాల మీద చెయ్యి వేసింది.

"ఎందుకు గెంటేశారమ్మా?"

"ఆ చట్టం కావాలా వద్దా అని విచారణ పెట్టారు చూడండి, అక్కడ యజమానులకు జడిసి ఒక్కరూ నోరు విప్పకపోతే, 'తోళ్ల కార్ఖానా పక్క గుంటలోని నీళ్లు నింపి పిల్లలకి పోస్తున్నది నేనేనయ్యా, ముందు నా బండి ఆపండి' అని లేచి చెప్పింది ఆయనేనక్కా."