చిన్నింటి వాటా

మా ఆయన వీలునామా రాయకుండా పోయారు. ఆస్పత్రికి వెళ్తూ పళ్ళసెట్టు కోసం ఇల్లంతా వెతికించారు గానీ, ఆస్తి ఊసెత్తలేదు.

మా అబ్బాయి నరేంద్రని వెంటబెట్టుకుని నారాయణగూడ ప్లీడరు గారి దగ్గరికి వెళ్ళాను.

“చిక్కడపల్లి ఇల్లు ఆయన సొంత సంపాదనేనామ్మా?”

“అవును బాబూ. కానీ ఆయనకి రెండు సంసారాలు. చిన్నింట్లో పుట్టిన పిల్లాడికి వాటా ఉంటుందా?”

నరేంద్ర ఫ్యాను వంక చూస్తూ కూర్చున్నాడు.

“ఆవిడకి తాళి కట్టారా?”

“కట్టారు, గుళ్ళో. ఫొటో కూడా ఉంది.”

ప్లీడరు నిట్టూర్చాడు. “అయితే తప్పదమ్మా. మీ పిల్లలతో సమానంగా ఆ పిల్లాడికీ వస్తుంది. ఆవిడకి మాత్రం చిల్లిగవ్వ రాదు. మీరు నిశ్చింతగా ఉండండి.”

“పిల్లాడికి ఖాయంగా వస్తుందా? రేపు ఎవరూ కాదనరు గదా?” అని మళ్ళీ మళ్ళీ అడిగాను.

“అవతలి బిడ్డ కోసం ఇంత బెంగపడే పెద్దభార్యని నేనెక్కడా చూళ్ళేదమ్మా,” అని ఆయన నాకు చేతులు జోడించాడు.

“పెద్దావిడ చిక్కడపల్లిలోనే ఉంది బాబూ. నాది అశోక్‌నగర్‌లో అద్దిల్లు. నాకు రాకపోతే పీడాపోయింది,” అన్నాను. “వీడే ఆ పిల్లాడు. ఒరే, ప్లీడరు గారికి దణ్ణం పెట్టు.”