పెట్టె మీద మనిషి

పెట్టె మీంచి లేవమంటే లారీ డ్రైవరు లేవలేదు.

"కాళ్ళు లాగుతున్నాయి సార్. అన్నీ చూశారుగా, ఇదొక్కటి చూడకపోతే కొంపలేం మునగవు."

కస్టమ్స్ ఇన్‌స్పెక్టరుకి ఒళ్ళు మండిపోయింది. ఓడలో నకిలీ మందులు వస్తున్నాయని ఇన్‌ఫార్మరు కబురు. పొద్దుట్నుంచీ రేవు గోడౌన్లో పెట్టె తర్వాత పెట్టె విప్పిస్తున్నాడు. కాగితాల్లో ఆటబొమ్మలని ఉంది. విప్పిన ప్రతి పెట్టెలోనూ ఆటబొమ్మలే ఉన్నాయి. ఆ ఇన్‌ఫార్మరు ఎవరో సూపరింటెండెంటు మేడమ్‌కి తప్ప ఆఫీసులో ఎవరికీ తెలియదు. తెలియకూడదు కూడా, అదే అక్కడి పద్ధతి. తెలిసి ఉంటే అతన్నే నాలుగు తిట్టేవాడు.

ఆ కోపమంతా ఇక్కడ తీరింది. డ్రైవరు చెంప ఛెళ్ళుమంది.

అయినా లేవలేదు. ఇద్దరు సిపాయిలు రెక్కలు పట్టుకుని లాగితే గానీ పెట్టె వదల్లేదు.

మూత తీశారు. పైన బొమ్మలు. బొమ్మల కింద మాత్రలు.

గుండె జబ్బు మాత్రలు. అదే కంపెనీ పేరు, అదే నీలం రేకు. ముసలి సిపాయి జేబులోంచి తను రోజూ వేసుకునే మాత్రల రేకు తీసి పక్కన పెట్టాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఇందులో నాదేది సార్?" అన్నాడు బిక్కమొహం వేసి.

ఇన్‌స్పెక్టరుకీ తెలియలేదు. రెండూ లాబుకి పంపాల్సి వచ్చింది.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడు వీడు" అని నవ్వాడు ఇన్‌స్పెక్టరు.

సరుకు విడిపించుకోవడానికి వచ్చిన ఏజెంటు కూడా నవ్వాడు. ఆయన ఆఫీసులో అందరికీ బాబాయి. ఎవరింట్లో ఎవరికి జ్వరమొచ్చినా ముందు ఆయనకే తెలుస్తుంది.

"నేను బొమ్మలకే కాగితాలు పెట్టాను బాబూ. ఓడ నుంచి గోడౌనుకి తెచ్చే దారిలో ఈ నంగనాచే కలిపేసి ఉంటాడు."

డ్రైవరు ఆయన వంక ఒకసారి చూసి తల దించుకున్నాడు.

"సరుకెవరిదిరా?"

డ్రైవరు గొంతు తగ్గించాడు.

"మేడమ్‌తో ఒక్క మాట చెప్పాలి సార్."

"నాతో చెప్పు."

డ్రైవరు గుమ్మం వైపు చూశాడు. అక్కడ బాబాయి అందరికీ టీలు పోయిస్తున్నాడు.

"మేడమ్‌తోనే చెబుతాను."

మేడమ్ మీటింగుకని వేరే ఊరెళ్ళింది. ఇన్‌స్పెక్టరు ఫోన్ చేశాడు.

"మందులు దొరికాయి మేడమ్. డ్రైవర్ని పట్టుకున్నాం."

"రేపు సాయంత్రానికి వచ్చేస్తాను. అంతదాకా అతన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ బయటికి పంపకండి. ఫోన్లో ఇంతకంటే చెప్పలేను."

మర్నాడు కోర్టులో డ్రైవరు తరఫున వకీలు లేచాడు. పెట్టింది బాబాయే. నిన్న నంగనాచి అన్న నోటితోనే, "పాపం, పిల్లలవాడు" అన్నాడు. లోపలుంటే ఎవరి పేరు బయటపెడతాడోనని బాబాయికి భయం కాబోలు అనుకున్నాడు ఇన్‌స్పెక్టరు. పొట్టకూటికి లారీ తోలుకునేవాడికి పెట్టెలో ఏముందో ఎలా తెలుస్తుందని వకీలు అడిగాడు. లాబు రిపోర్టు ఇంకా రాలేదు. అది రాకుండా అవి నకిలీవని చెప్పడం ఎవరి తరమూ కాదు. బెయిలు వచ్చేసింది.

ఆ మాట వినగానే డ్రైవరు ఇన్‌స్పెక్టరు కాళ్ళ మీద పడ్డాడు.

"నాకు బెయిలొద్దు సార్. లోపలే ఉంచండి. మీకు పుణ్యముంటుంది."

"ఇదేమన్నా అత్తారిల్లా, ఉండిపోతానంటే ఉంచుకోడానికి?"

అన్నాడు గానీ, డ్రైవరు కాళ్ళు వదల్లేదు. ఇన్‌స్పెక్టరుకి మేడమ్ చెప్పిన మాట గుర్తొచ్చింది. మేడమ్‌కి ఫోన్ చేశాడు. రైల్లో ఉన్నట్టుంది, కలవలేదు. సాయంత్రం దాకా ఆపే దారేమైనా ఉందా అని కోర్టు గుమాస్తాని అడిగాడు. కాగితం మీద సంతకం పడ్డాక బ్రహ్మదేవుడు కూడా ఆపలేడన్నాడు ఆయన.

బయట బాబాయి కారు తలుపు తీసి పట్టుకున్నాడు.

"రా నాయనా, ఇంటి దగ్గర దింపేస్తాను."

డ్రైవరు వెనక్కి తిరిగి చూస్తూ చూస్తూ ఎక్కాడు. ఇన్‌స్పెక్టరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అంతకంటే చేయగలిగింది లేదు.

సాయంత్రం మేడమ్ చేతిలో సంచీతోనే తిన్నగా లాకప్ దగ్గరికి వచ్చింది. లోపల ఎవరూ లేరు.

"ఏడీ?"

"బెయిలొచ్చింది మేడమ్. ఏజెంటు బాబాయి కార్లో ఎక్కించుకెళ్ళాడు."

"ఇంటికి చేరాడా?"

"ఇందాక వాళ్ళావిడ వచ్చింది మేడమ్. ఇంకా రాలేదంటోంది."

మేడమ్ అక్కడే బెంచీ మీద కూలబడింది. ఆవిడ అలా కూలబడటం ఇన్‌స్పెక్టరు ఎన్నడూ చూడలేదు. ధైర్యం చెప్పాలనిపించింది.

"పోతే పోయాడు మేడమ్. మన ఇన్‌ఫార్మరు ఉన్నాడుగా! అతను గట్టిగా సాక్ష్యం చెబితే మొత్తం ముఠా దొరుకుతుంది."

మేడమ్ అతని మొహంలోకి చూసింది. ఆవిడ కళ్ళు నిండిపోయాయి.

"మందులున్న పెట్టె మీదే కూర్చో, మావాళ్ళు కొట్టినా సరే లేవకు అని అతనికి చెప్పింది నేనే."